మామ మాట, కోడలి గొంతు

గిన్నె గోడకు తగిలి మంచం కిందికి దొర్లిపోయింది. గోడ మీది నుంచి జొన్న గంజి కారుతోంది.

"ఇగ నాతోని కాదు!" బసమ్మ లేచి నిలబడి, చెంప మీద పడ్డ గంజిని కొంగుతో తుడుచుకుంది. "నిన్న మాపటి సంది ముద్ద ముడుతలేడు. ఉప్పు ఎక్కువైందా అంటే కండ్లెర్ర జేస్తడు. తక్కువైందా అంటే గదే తీరు. సల్లగయిందా, నోట్ల పుండయిందా, ఏమడిగినా కోపమే. నీ కడుపుల మాట తెల్సుకోనీకె నేనేమన్న దేవున్నా?"

మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న రేవణసిద్ధప్ప ఎడమ చెయ్యి గాలిలో ఊపాడు. కుడి చెయ్యి ఒడిలో పడి ఉంది. "అ... బ... బ..." పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన నోట అంతకు మించి రాదు. ఒకప్పుడు ఆయన అల్లం చేనులో నిలబడి కూలీలను కేకేస్తే, చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద పోయే వాళ్లు తిరిగి చూసేవారు.

భవాని తడిగుడ్డ తెచ్చి గోడ తుడుస్తోంది. నిన్న సాయంత్రం నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. గుడ్డ పిండి బకెట్లో పడేసి, మామగారి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మామా, ట్యాబ్ కావాల్నా?"

ఊగుతున్న చెయ్యి ఆగిపోయింది. అవునన్నట్టు తల గట్టిగా ఆడించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనే.

"చూసినవా అత్తమ్మా? గంజి మీద కాదు ఆయన కోపం. నీ కొడుకు మీద."

పెరట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న శివశంకర్ సగం మొహానికి నురుగుతోనే లోపలికి వచ్చాడు.

"అవును, నా మీదనే. నేనే పలగ్గొట్టిన. ఇంగో ట్యాబ్ ఇంట్లకొస్తే దాన్ని గూడ పలగ్గొడ్త."

"గట్టిగ చెప్పు. నోరున్నోనివి గద."

"భవానీ, నిన్న సంగారెడ్డిల డాక్టర్ ఏమన్నడో నువ్వు గూడ విన్నవ్. బిడ్డకు మూడేండ్లు దాటినయ్. తల్లిని అవ్వ అంటలేదు, తండ్రిని అప్ప అంటలేదు. చెవులు మంచిగున్నయన్నడు, నాలుక మంచిగుందన్నడు. గా పలక బంద్ చెయ్యున్రి, బిడ్డతోని మాట్లాడున్రి అన్నడు. ఇంటికొచ్చి ట్యాబ్ గుంజుకుంటే ఏం జేసింది? చూడు." ముంజేయి ముందుకు చాపాడు. చిన్న పళ్ల గుర్తులు ఎర్రగా కమిలి ఉన్నాయి. "కన్నతండ్రిని కరిచింది. కుక్కపిల్ల తీరు."

"బిడ్డ కరిస్తే గోడకేసి కొడతవా? నా చెవు పక్క నుంచి పోయింది అది."

"నిన్నేం కొట్టలే."

"నన్ను కొట్టలే. మామ బొమ్మలు నొక్కి మాట్లాడేది దాంతోనే. మామ నోరు కొట్టినవ్."

తలుపు మూల నుంచి గరగరమని చప్పుడు. కూతురు నీలాంబిక నేల మీద కూర్చుని బసమ్మ స్టీలు పళ్లాన్ని ఒళ్లో పెట్టుకుంది. చూపుడువేలితో, ట్యాబ్ మీద తోసినట్టు, పైకి తోస్తోంది. బొమ్మ మారలేదు. మళ్లీ తోసింది. మళ్లీ.

ముగ్గురూ పిల్లను చూశారు. ఎవరూ దగ్గరకు వెళ్లలేదు.

"ఎవరలవాటు చేసిన్రు దీనికి?" శివశంకర్ గొంతు ఈసారి కిందికి దిగింది. "ట్యాబ్ అప్ప కోసమని తెచ్చిన్రు. బిడ్డ చేతికి ఎవరిచ్చిన్రు?"

"నేనిచ్చిన," అంది బసమ్మ. "ఏం జెయ్యాలె? ఒక చేత్తోని ఈయనకు ఒంటికీ రెంటికీ ఎత్తిపోసుడు, ఒక చేత్తోని దానికి తినిపిచ్చుడు. నీ పెండ్లాం మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంట కూసుంటది. బొమ్మలు పెడితే పిల్ల నోరు తెరుస్తది. గంతే నాకు తెల్సింది."

"నేను గూడ ఇచ్చిన," అంది భవాని. "కుట్టుపని ఉన్నప్పుడు. నువ్వియ్యలేదా? ఐతారం పండుకుంటందుకు, పిల్ల సప్పుడు జెయ్యొద్దని నువ్వియ్యలేదా? అందరం ఇచ్చినం. శిచ్చ మాత్రం మాట రాని మనిషికి వేసినవ్."

"గందుకే పలగ్గొట్టిన. ఇగ ఎవరికీ ఉండది."

"గందుకేనా?" భవాని లేచి నిలబడింది. "నీ చెల్లె రేఖ ఇయ్యాల్ల వచ్చి తన పెండ్లి ముచ్చట మామనే అడుగుతనని నిన్న ఫోన్ చేసింది. ఆ ఫోన్ వచ్చినంకనే గద ట్యాబ్ పలిగింది. నిజం చెప్పు, బిడ్డ కోసమే కొట్టినవా?"

శివశంకర్ చెంప మీద నురుగు ఎండి పగుళ్లిస్తోంది.

"నువ్వు గంత మాట అంటవా?"

"అన్న."

అతను పెరట్లోకి వెళ్లిపోయాడు. కత్తి నీళ్లలో ఆడించిన చప్పుడు కూడా రాలేదు. సగం గడ్డంతోనే చొక్కా వేసుకుని, బండి తీసుకుని పొలానికి పోయాడు.

రేఖ శివశంకర్ చెల్లెలు. కోహీర్ సర్కారు బడిలో టీచరు. హరికృష్ణను పెళ్లి చేసుకుంటానని ఇంట్లో చెప్పిన రోజు నుంచి ఆమె కోహీర్లోనే గది తీసుకుని ఉంటోంది. హరికృష్ణది గుంటూరు వైపు కుటుంబం. కులం వేరు, మాట తీరు వేరు. అంతకన్నా శివశంకర్‌కు మింగుడు పడనిది ఇంకొకటి ఉంది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో తను బోల్టులు బిగించే లైను మీద హరికృష్ణ ఇంజనీరు.

"అప్పకు ఇష్టం లేదు," అని శివశంకర్ అంటాడు. "తల అడ్డంగ ఊపిండు, నేను చూసిన," అని బసమ్మ అంటుంది. తండ్రి నోట వినేదాకా నమ్మనని రేఖ పట్టు.

ఆ నోరు ఇప్పుడు అద్దం పగిలి భవాని సంచిలో ఉంది.

*

బస్టాండు రోడ్డులో చంద్రప్ప మొబైల్ షాపు ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. చంద్రప్ప ట్యాబ్‌ను దీపం కింద అటూ ఇటూ తిప్పాడు.

"పై అద్దం పోయింది చెల్లె. లోపట ఏం కాలే. జర కూసో, మార్చిస్త."

భవాని బల్ల మీద కూర్చుంది. ఒళ్లో నీలాంబిక అద్దాల అలమారాలో వెలుగుతున్న ఫోన్ల వైపు చేతులు చాపుతోంది. భవాని ఆ చేతులు పట్టుకుంది. పిల్ల వెనక్కి విరుచుకుని అరిచింది. షాపులో ఉన్న వాళ్లందరూ తిరిగి చూశారు.

"ఫోన్ చేతిల పెట్టమ్మా, ఊకుంటది," అన్నాడు ఒకాయన.

"ఇయ్య!" అంది భవాని. ఆమెకు అంత కోపం ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

పిల్లను ఎత్తుకుని షాపు మెట్ల మీదికి వచ్చింది. "అగో బస్సు. చూడు నీలా, ముంబై బస్సు. ఎర్రగుంది. అగో చెరుకు లారీ." పిల్ల చూడలేదు. తల్లి భుజం మీద తల కొట్టుకుంటూ ఏడ్చింది. భవానికి ఏడుపు వచ్చింది. భర్త మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. అదే ఆమె కోపాన్ని ఇంకా పెంచుతోంది. అబద్ధమైతే తేలికగా గెలిచేది.

ట్యాబ్ తెచ్చింది రేఖ. మాట పోయిన వాళ్లకు బొమ్మలు నొక్కితే మాట్లాడే ఏర్పాటు ఉంటుందని హైదరాబాద్ దవాఖానలో చెప్పారు. అందులో ముందే ఉన్న గొంతు పుస్తకం చదివినట్టు మాట్లాడేది. రేవణసిద్ధప్ప విసుక్కుని పక్కకు తోసేశాడు. అప్పుడు భవాని తన గొంతు పెట్టింది. కుట్టుమిషన్ ఆపి, తలుపు వేసుకుని, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క మాట. నీళ్లు కావాలె. నొప్పి లేస్తుంది. బాత్రూంకు పోవాలె. సరే. ఒద్దు. తిన్నవా? ఇంట్లో వాళ్ల ఫొటోలకు వాళ్ల పేర్లు.

ఆయన మొదట నొక్కిన మాట "ఫ్యాన్ బంద్ చెయ్యి."

చలికాలమంతా దోమలని బసమ్మ ఫ్యాన్ వేసి ఉంచింది. ఆయన ఆ ఫ్యాన్ కింద వణుకుతూనే ఉన్నాడు. మూలుగుతుంటే, కాళ్లు గుంజుతున్నాయేమోనని ఆమె కాళ్లు పిసికేది. ట్యాబ్ ఆ మాట పలికిన రోజు బసమ్మ వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఆ పలక అంటే పడదు.

ఫోన్ మోగింది. రేఖ.

"వదినా, బస్సెక్కిన. అన్న ఇంట్ల ఉన్నడా?"

"ఉంటడు. రేఖా... అన్న చాన కోపంల ఉన్నడు."

"నేను మాత్రం నవ్వుకుంట వస్తున్ననా?" అని రేఖ పెట్టేసింది.

*

రేఖ వచ్చేసరికి శివశంకర్ పొలం నుంచి తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె చేతిలో కోహీర్ జామపండ్ల సంచి ఉంది. అన్నను దాటి లోపలికి పోయింది. అతనూ పలకరించలేదు.

"అప్పా."

రేవణసిద్ధప్ప ఎడమ చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చుంది. భవాని బాగుచేయించిన ట్యాబ్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన వేలు తొందరగా కదిలింది. "రేఖ. తిన్నవా?" భవాని గొంతులో ట్యాబ్ అడిగింది.

రేఖ నవ్వబోయి ఏడ్చింది. "తిన్న అప్పా. నువ్వు తింటలేవంట గద?"

నీలాంబిక ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చి ట్యాబ్ మీద పడింది. భవాని లాగింది. పిల్ల గట్టిగా కేకలు పెట్టింది. గుమ్మంలో శివశంకర్ నిలబడి ఉన్నాడు.

"మల్ల తెచ్చినవా?"

"తెచ్చిన. బిడ్డ చేతికియ్య. నేనియ్య, అత్తమ్మ ఇయ్యది, నువ్వియ్యొద్దు. ఆమె కండ్ల ముంగట పెట్టకుంట చూసుకునుడు మన పని. మామ నోరు మూసుడు కాదు."

"మామ నోరు, మామ నోరు!" శివశంకర్ లోపలికి వచ్చాడు. "అది మామ నోరా? ఎవరి గొంతది? నీ గొంతు. ఏ మాట ఉండాల్నో ఎవరు పెట్టిన్రు? నువ్వు. నువ్వు పెట్టిన మాటలే ఆయన నొక్కుతడు. రేపు పెండ్లికి ఒప్పుకున్న అని ఒక బొమ్మ పెడతవ్. చెయ్యి తగిలి నొక్కితే, అగో మామ ఒప్పుకున్నడంటవ్."

భవాని చూపు ట్యాబ్ మీద పడింది. బొమ్మలు పెట్టింది తనే.

"అయితే నువ్వే అడుగు," అంది రేఖ. "వదిన వంటింట్లకు పోతది. నేను దూరం కూసుంట. నువ్వే అడుగు, నువ్వే విను. సరేనా?"

"అడుగుత. నాకేం భయమా?"

"అడిగే ముంగట ఇంగో మాట చెప్పు. పోయిన నెల ఫ్యాక్టరీ గేటు కాడ హరికృష్ణ కాలర్ పట్టుకున్నవా లేదా?"

మంచం మీద రేవణసిద్ధప్ప తల ఎత్తాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"పట్టుకున్న. అందరి ముంగట పట్టుకున్న. పొద్దుందాక నా పనికి వంకలు పెట్టేటోన్ని రేపటి సంది బావా అని పిలువాల్నా? ఆయన నౌకరీ, నా నౌకరీ ఎటన్న పోనీ. ఈసారి కాలర్ తోని ఆగది, చెప్తున్న!"

"శివా!" బసమ్మ కేకేసింది.

"నువ్వు ఊకో అవ్వా. అడుగుమన్నది గద, అడుగుత."

భవాని నీలాంబికను ఎత్తుకుని వంటింట్లోకి పోయింది. రేఖ గోడకు ఆనుకుని కూర్చుంది. శివశంకర్ తండ్రి ముందు ముక్కాలి పీట వేసుకుని, ట్యాబ్ తీసుకుని బొమ్మలన్నీ ఒకసారి చూశాడు. "సరే", "ఒద్దు" పక్కపక్కన కనబడేట్టు పెట్టి ఆయన ఒళ్లో ఉంచాడు.

"అప్పా. రేఖ ఆ హరికృష్ణను చేసుకుంటదట. నీకు ఇష్టమేనా? నీ మనసుల ఉన్నది చెప్పు. ఎవరు ఏమన్నా సరే, నీ మాటే మాట."

రేవణసిద్ధప్ప కొడుకు మొహం చూశాడు. వీధిలో ఎవరో కూరగాయల బండి వాడు అరుస్తూ పోతున్నాడు. ఆ అరుపు దూరమైపోయింది. ఆయన వేలు కిందికి దిగింది.

"ఒద్దు," అంది ట్యాబ్.

వంటింట్లో భవాని తన గొంతు తానే విని కొయ్యబారిపోయింది.

"రేఖ. ఒద్దు."

శివశంకర్ లేచాడు. గెలిచిన వాడి మొహం కాదు అతనిది, ఎదురుచూసిన దెబ్బ తగలని వాడి మొహం. "విన్నవా? నేనేమన్న నొక్కిచ్చిన్నా? నీ వదిన నొక్కిచ్చిందా?"

రేఖ అన్న వైపు చూడనే లేదు. తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎందుకు ఒద్దు?"

ఆయన తల తిప్పుకున్నాడు.

"నా దిక్కు చూడు అప్పా. ఇన్ని దినాలు అన్న అబద్ధం చెప్తున్నడనుకున్న. అవ్వకు నీ సైగ అర్థమైతలేదనుకున్న. మా అప్ప గసుంటోడు కాదని కోహీర్ల అందరికీ చెప్పుకున్న. ఆడపిల్లకు నౌకరీ ఎందుకని మనోళ్లంత అంటే, నువ్వే గద నన్ను స్కూటర్ మీద కూసోబెట్టుకుని పరీక్షకు తీస్కపోయినవ్? ఇప్పుడేమైంది? కులమా? ఆంధ్ర వాళ్లనా? ఏంది?"

"ఒద్దు."

"ఎందుకని అడుగుతున్న!"

"ఒద్దు. ఒద్దు. ఒద్దు." ఆయన వేలు అద్దం మీద టకటకా కొట్టింది. మొహం ఎర్రబడింది. నోటి పక్క నుంచి చొంగ కారింది.

"రేఖా, చాలు. బీపీ పెరుగుతది ఆయనకు," అంది బసమ్మ.

"పెరగనీ! బీమారి మనిషని ఇంట్ల అందరు సల్లగ పక్క సదురుతున్నరు. నేను కొట్లాడుత. మాట వచ్చినంక కొట్లాట గూడ వస్తది." రేఖ కళ్లు తుడుచుకుంది. "నీ మాట విన్న అప్పా. ఇగ నా మాట విను. నేను ఆయన్నే చేసుకుంట. నువ్వొస్తే నా అంత సంతోషపడేటోళ్లు ఉండరు. రాకుంటే, రాకు."

జామపండ్ల సంచి అక్కడే ఉంది. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. గేటు చప్పుడైంది.

"రేఖ," అంది ట్యాబ్. కాసేపాగి, "రేఖ."

భవాని గుమ్మం దాకా వచ్చింది. ఉండు అని, రా అని, పోకు అని ఏ మాటా అందులో లేదు. తనే పెట్టలేదు.

*

"అయిపోయింది గద," అన్నాడు శివశంకర్. "అప్ప మనసు అప్ప చెప్పిండు. ఇగ ఈ ఇంట్ల ఆ ముచ్చట రావద్దు."

"శివ," అంది ట్యాబ్.

అతను తిరిగి చూశాడు.

"శివ. నొప్పి లేస్తుంది."

"నొప్పా? ఏడ అప్పా? ఛాతిలనా?" కంగారుగా వంగాడు. "భవానీ, ఆటో పిలువు. దవాఖానకు పోదాం."

"ఒద్దు." రేవణసిద్ధప్ప తల అడ్డంగా ఆడించాడు. మళ్లీ కొడుకు ఫొటో నొక్కాడు. "శివ." వేలు నొప్పి బొమ్మ మీద ఆగింది, నొక్కలేదు. అక్కడి నుంచి కదిలింది. నీళ్లు దాటింది, ఫ్యాన్ దాటింది. ఆయన పేజీ జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. ప్రతి బొమ్మ దగ్గరా ఒక క్షణం ఆగి చూసి, వదిలేస్తున్నాడు. చివరికి అరచేత్తో ట్యాబ్ మీద ఒక్కటి కొట్టాడు. "అ... బ... బ!"

"ఏం దేవులాడుతున్నడు?" అన్నాడు శివశంకర్.

"లేని మాటను," అంది భవాని. "నువ్వన్నది నిజమే. నేను పెట్టిన మాటలే ఉన్నయి దాన్ల. ఆకలి, దూప, నొప్పి. బీమారి మనిషికి ఇగేం కావాలె అనుకున్న. ఎందుకు ఒద్దో రేఖ అడిగితే చెప్పనీకె మాట ఏది ఆయనకు? ఒద్దు అని మాత్రం పెట్టిన."

"నీకు కావల్సింది వస్తలేదని ఇప్పుడు కొత్త కథ చెప్తున్నవా?"

"కథ కాదు! ఆయన మొహం చూడు!"

"చూస్తున్న! పొద్దుగాల సంది అందరి మొహాలు చూస్తున్న. నా బిడ్డకు మాట రాదని ఏడ్సేది ఈ ఇంట్ల నేనొక్కన్నే! మీకు పెండ్లి కావాలె, ట్యాబ్ కావాలె, నన్ను చెడ్డోన్ని చెయ్యాలె..."

"భవానీ." బసమ్మ పిలిచింది. అరవలేదు. ఆమె గొంతు అంతగా తగ్గడం వాళ్లెప్పుడూ వినలేదు. "దాన్ల భయం అనే మాట ఉన్నదా?"

భవాని తల తిప్పింది. "లేదు అత్తమ్మా."

"పెట్టు."

"అవ్వా, నువ్వు గూడనా?" అన్నాడు శివశంకర్.

"ఆయన కండ్లు గిట్ల ఎప్పుడైతయో నాకెరుకే. సైగలు తెల్వకపోవచ్చు. ఫ్యాన్ సంగతి తెల్వలే, తప్పే. గని ఈ కండ్లు నాకు తెల్సు. పెట్టు బిడ్డా."

భవాని ట్యాబ్ తీసుకుంది. ఖాళీ గడి ఒకటి తెరిచింది. ఏ బొమ్మ పెట్టాలో తెలియక, గడికి ఎర్ర రంగు వేసింది. మైకు నొక్కబోయి ఆగింది. ట్యాబ్‌ను అత్త నోటి దగ్గర పెట్టింది.

"నా గొంతు ఒద్దు అత్తమ్మా. నువ్వు చెప్పు."

ఇన్ని రోజులూ పిల్లకు బొమ్మలు పెట్టడానికి తప్ప ఆ పలకను ముట్టని బసమ్మ ఒకసారి కొడుకును చూసింది. తర్వాత దాని మీదికి వంగి, పక్కింటి వాళ్లకు వినబడకూడదన్నట్టు మెల్లగా అంది.

"భయం."

ట్యాబ్ రేవణసిద్ధప్ప ఒళ్లోకి వచ్చింది. ఆయన ఎర్ర గడిని నొక్కాడు. భార్య గొంతు విని ఉలిక్కిపడి ఆమెను చూశాడు. ఆమె తల ఊపింది.

ఆయన ఇక తడబడలేదు.

"రేఖ. ఒద్దు." కోడలి గొంతు. "శివ." కోడలి గొంతు. తర్వాత ముసలామె గొంతు. "భయం."

నీలాంబిక తల్లి కొంగు పట్టుకుని నిలబడిపోయింది.

"శివ. భయం," అంది ట్యాబ్ మళ్లీ.

శివశంకర్ పెదవులు కదిలాయి. "నేనంటే భయమా అప్పా? నేనేమన్న చేస్తనని భయమా? నీ కొడుకును నేను. నేను..." మాట మధ్యలో తల్లిని చూశాడు. బసమ్మ కళ్లు దించుకుంది. భార్యను చూశాడు. భవాని తెలియకుండానే పిల్లను తన వెనక్కి లాక్కుంది. ఆ సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

మేకుకు వేలాడుతున్న బండి తాళం చెవి తీసుకున్నాడు.

"ఏడికి?" అంది భవాని.

అతను గుమ్మం దాటాడు.

"ఏడికి పోతున్నవ్? శివా!" పెళ్లయిన దగ్గర్నుంచి భర్తను పేరు పెట్టి ఆమె ఎన్నడూ పిలవలేదు.

బండి ఒక్క తన్నుకే స్టార్టయింది. భవాని గేటు దాకా పరుగెత్తింది. వీధి చివర హైవే. ఎడమకు పోతే బస్టాండు, రేఖ అక్కడే బస్సు కోసం నిలబడి ఉంటుంది. కుడికి పోతే ఫ్యాక్టరీ క్వార్టర్లు, ఆదివారం హరికృష్ణ ఇంట్లోనే ఉంటాడు. చెరుకు లారీ ఒకటి అడ్డంగా పోతుంటే శివశంకర్ కాలు కింద పెట్టి ఆగాడు. ఎటు తిరుగుతాడో అతని వీపు చూస్తే తెలియడం లేదు.

భవాని రేఖకు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేసింది.

లారీ దాటిపోయింది. దుమ్ము తేలిపోయేసరికి వీధి చివర బండి లేదు.

ఇంట్లో నుంచి బసమ్మ గొంతు వినిపించింది. "భయం." అత్త పిలుస్తోందనుకుని భవాని వెనక్కి తిరిగింది. బసమ్మ గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. లోపల మంచం మీద రేవణసిద్ధప్ప ఆ ఎర్ర గడిని ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు.